అరచేతిలో చుక్క సూప్

మా తమ్ముడు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటమాస్టరు. వాడి వంటని ఊరంతా మెచ్చుకుంటుంది, వాడు మాత్రం నా వంటని ఒక్కనాడూ మెచ్చుకోలేదు. నాకేమో నోరు ఊరుకోదు. అందుకే చిన్నప్పటినుంచీ మాకు ఉప్పూ నిప్పూ.

అలాంటివాడు స్టోర్‌రూమ్ మెట్లమీంచి జారిపడి తల పగలగొట్టుకున్నాడు. ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. నన్ను చూసినా ఎవరో కొత్తమనిషిని చూసినట్టే చూసేవాడు. తిండి ముక్కులో గొట్టంతోనే.

"మింగే పరీక్ష బాగానే వచ్చింది. కానీ నోరు తెరవడం లేదు" అంది ఆసుపత్రిలో మింగడం నేర్పే థెరపిస్టు.

"మెదడు కోలుకోవాలంటే ఒంటికి మామూలుకంటే ఎక్కువ బలం కావాలమ్మా. గుడ్డు, చేప, పప్పు, ఆకుకూర పడాలి. ఇప్పటికే చిక్కిపోయాడు. సోమవారానికీ తినకపోతే పొట్టకి గొట్టం వేస్తారు" అంది డైటీషియన్.

రుచే బతుకైన మనిషికి పొట్టలో గొట్టమా?

చేప, గుమ్మడికాయ ఉడికించి, మెత్తగా రుబ్బి, చిక్కటి సూప్ చేసి తెచ్చాను. చెంచా పెదాలకి ఆనించగానే పళ్ళు బిగించాడు. రోజూ అదే తంతు. ఆదివారం నాకు ఒళ్ళు మండింది.

"తినరా మొండిఘటమా, నీకోసమే కదా ఈ చాకిరీ" అని చెంచా గిన్నెలో పడేశాను. గోరువెచ్చటి సూప్ చింది వాడి అరచేతిలో పడింది.

వాడు దాన్నే చూశాడు. చెయ్యి నోటిదాకా లేచింది, ఆ చుక్కని నాకాడు. అప్పుడు వెలిగింది నాకు. వంట ఎవరిదైనా సరే, అరచేతిలో చుక్క వేసుకుని నాకితే తప్ప వాడు ముట్టడు. అది తెలిసీ చెంచా పట్టుకుని వెంటపడ్డాను.

మంచం పక్కనే ఉన్న థెరపిస్టు వాడి గొంతుమీద వేళ్ళు ఆనించింది.

"మింగాడు" అంది మెల్లగా.

మాట మరిచాడు, నన్ను మరిచాడు, ఆ చెయ్యి మాత్రం పని మరవలేదు. అంత దెబ్బ తిన్న తల దాన్ని ఏ మూల దాచుకుందో!

వాడు కళ్ళు మూసుకున్నాడు. పొయ్యి ముందు నిలబడ్డప్పటి మొహమే అది. కనుబొమలు ముడిచాడు.

"ఉప్పు... చాల్లేదు" అన్నాడు. కాసేపాగి, "అక్కా" అన్నాడు.

ఇంకోరోజైతే ఊరుకునేదాన్నా? "అయితే నువ్వే వండుకో" అనేదాన్ని. ఆవేళ ఏడుస్తూనే, ఉప్పు వెయ్యొచ్చా అన్నట్టు అప్పుడే గదిలోకి వచ్చిన డైటీషియన్ వైపు చూశాను.

"చిటికెడు వెయ్యండి, ఫర్వాలేదు" అంది డైటీషియన్.

వేసి కలిపాను. వాడు మళ్ళీ అరచెయ్యి చాపాడు.