ఇంకా జర

పొద్దున్నే నాగరాణి నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌కు, అంజి తన షెడ్డుకు బయల్దేరతారు. తాండూరు చుట్టుపక్కల మందుకొట్టే పంపులు, పాత మోపెడ్లు బాగుచేయడం అంజి వృత్తి. వాటికి కొత్త రకం ఆయిల్ కనిపెట్టడం అతని పిచ్చి. సాయంత్రం ముఖం నిండా రాతిపొడితో నాగరాణి షెడ్డుకు వచ్చేసరికి అతను సిరంజి పట్టుకుని డబ్బాల మధ్య కూర్చుని ఉంటాడు.

అక్కడ టూ-స్ట్రోక్ ఇంజన్ ఏదైనా, ఆయిల్ కలిపినవాళ్ల గొంతుతోనే మాట్లాడుతుంది. కలిపేటప్పుడు వాళ్లు ఏమనుకుంటే అదే అంటుంది. రైతు జంగప్ప పంపు కందిచేలో "నడుం నొస్తుంది, నడుం నొస్తుంది" అని మూలిగితే, ఆయన పెట్రోల్ బంకుకు వెళ్లి, ఆయిల్ కలిపిన మహిధర్‌కు నొప్పుల తైలం కొనిచ్చి వచ్చాడు.

అంజి ఆయిల్ పోసిన బండ్లు మాత్రం నాగరాణి గొంతుతో "ఇంకా జర, ఇంకా జర" అంటూ నడిచేవి. జనం యాక్సిలరేటర్ పెంచమంటోందేమోననుకుని ఇంకాస్త తిప్పేవాళ్లు.

"నీ నూనెకు ఆడగొంతు ఏందిరా?" అని జంగప్ప అడిగాడు.

"ఆలుమగలం ఒకటే గదా కాకా. మా ఇంట్ల నా గొంతు ఎన్నడు లేసింది?"

హైదరాబాద్‌లోని ఒక నూనెల కంపెనీ, పేటెంటుకు దరఖాస్తు పెడితే తాండూరులో మిక్సింగ్ యూనిట్ తెరుస్తామని, కనిపెట్టినవాళ్లనే ఇన్‌చార్జిగా పెడతామని కబురు చేసింది. అంజికి ఆ కుర్చీ కావాలి. నాగరాణికి రాతిపొడి తప్పితే చాలు, దగ్గు ఆమెను నిద్రపోనివ్వడం లేదు. అయినా మోపెడ్ మీద పంపు పెట్టుకుని ఇద్దరూ ఆ దరఖాస్తు కోసం వికారాబాద్ వెళ్తుంటే, ఆమెకు దారంతా భయమే.

అక్కడ పేటెంట్ దరఖాస్తులు తయారుచేసే పద్మారాణి తన ఎదుటే ఆయిల్ కలిపి చూపమంది. అంజి సిరంజితో కొలిచి, కలిపి, పంపులో పోసి తాడు లాగాడు. గదంతా పొగ. పంపు అంజి గొంతుతో "ఏమైతదో, ఏమైతదో, ఏమైత..." అంటూ పట్టేసింది.

అంజి కంగారుగా బయటికి పరుగెత్తి మోపెడ్ స్టార్ట్ చేశాడు. అది పొగ లేకుండా, హాయిగా, "ఇంకా జర, ఇంకా జర" అంది.

పద్మారాణి దగ్గుతూ గుమ్మంలోకి వచ్చింది. "పంపుది మీ గొంతు. బండిది ఎవరిది?"

"మా ఇంటామెది మేడం."

"మరి అందులోది కలిపింది ఎవరు?"

అంజి నాగరాణి వైపు తిరిగాడు. ఆమె కొంగు నలుపుతూ చెప్పింది. "నువ్వు చాయ్‌కి పోయినప్పుడల్లా నువ్వు కలిపిన దాంట్ల ఇంట్ల కాచిన ఆముదం పోసేదాన్ని. ఇంకా జర, ఇంకా జర అనుకుంట."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు మస్తు సంబురపడుతుంటివి. చెప్ప మనసొప్పలే."

అంజి మోపెడ్ సీటు మీద కూలబడ్డాడు. పాపం, ఇన్నాళ్లుగా కలగన్న కుర్చీ ఒక్క మాటతో పోయింది.

పద్మారాణికి ఇంకో చిక్కు తోచింది. "ఈ బండ్లు 'ఇంకా జర' అంటూ ఊళ్లన్నీ తిరిగి, కలిపే రహస్యం బయటపెట్టేశాయన్నమాట. అందరికీ తెలిసిందానికి పేటెంట్ రాదమ్మా."

నాగరాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. మళ్లీ ఆ రాతిపొడిలోకేనా?

అంజి తటాలున లేచాడు. "ఎట్ల తెలుస్తది మేడం? బండి జర అంటది గని, జర అంటే ఎంతనో చెప్తదా? కట్టుకున్నోన్ని, నాకే తెల్వకపాయె!"

పద్మారాణి పకపకా నవ్వింది. "సరే, అయితే కొలుద్దాం."

నాగరాణి వెంట తెచ్చిన సీసాలోంచి గిన్నెలోకి ఆముదం వంచుతూ, ఇంకా జర అనుకుని, ఆపింది. అంజి తన సిరంజితోనే దాన్ని కొలిచాడు. ఆ అంకె నాకూ తెలుసు కానీ ఇక్కడ చెప్తే పేటెంట్ పోతుంది. కనిపెట్టినవారి పేరు దగ్గర "నాగరాణి" అని అంజే చెప్పాడు. గొంతు కొంచెం బొంగురుపోయింది, పొగ వల్ల అన్నాడు.

తిరుగు ప్రయాణంలో బంకు దగ్గర ఆగి, ఆమె ఆయిల్‌ను అతనే పెట్రోల్‌లో కలిపాడు.

"కోపమొచ్చిందా?" అంది నాగరాణి, వెనక కూర్చుంటూ.

"నాకా? ఏం లేదు."

కిక్ కొట్టగానే మోపెడ్ అంజి గొంతుతో "జర కోపం, జర కోపం" అని మొదలుపెట్టింది.

నాగరాణి నవ్వాపుకుని అతని భుజం మీద గడ్డం ఆనించింది. "జర అంటే ఎంత?"

"తాండూరు వచ్చేదాకా."