పొగగొట్టం ముందు తెల్లగుడ్డ

స్వామిదాసు పాత పంచెను నాలుగు మడతలు వేసి, గరాటు మీద పరిచి, డబ్బాలోని డీజిల్‌ను సన్నగా పోస్తున్నాడు. కల్లు వడగట్టేవాళ్ళకు కూడా అంత ఓపిక ఉండదు. పొట్టి మనిషి. మోచేతుల దాకా నూనె నిగనిగ, ఎన్ని సబ్బులు అరిగినా గోళ్ళసందుల్లో వదలని నలుపు. చేవెళ్ళలో ఇంజనీరు సాబు బంగళాకు ఆ కారు వచ్చిన నాటి నుంచీ దాన్ని నడిపేదీ, కడిగేదీ, తిట్టేదీ, బుజ్జగించేదీ అతనే.

అది పెట్రోలు తాగని కారు. సాబు జర్మనీలో చదువు ముగించుకుని వస్తూ వెంట తెచ్చుకున్నాడు. ఊరంతా దాన్ని దగ్గుల బండి అనేది, అబద్ధమేం కాదు. డబడబమని మోత, వెనక నల్లటి పొగ. కొత్తలో ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి ముందు స్వామిదాసు మహా గొప్పగా బండి స్టార్ట్ చేశాడు. ఆ పొగంతా పోయి పోయి సొంత పెళ్ళాం కరుణమ్మ కొత్త తెల్లచీర మీదే పడింది. ఎన్నిసార్లు ఉడకబెట్టినా మరక వదల్లేదు.

"దాని పొగ బందయిన నాడు ఎక్కుత. అప్పటిదాంక నాకు కాళ్ళున్నయి," అంది కరుణమ్మ. అన్నదంటే అన్నదే. ఎంకపల్లిలో బిడ్డ మేరీ కాన్పుకు కూడా ఎడ్లబండి మీదే పోయింది.

ఇవాళ్టితో ఆ కారు ముచ్చట సరి. సాబుకు ఔరంగాబాదు బదిలీ అయింది, సాయంత్రం కారు వెళ్ళిపోతుంది. వెంట రమ్మంటే స్వామిదాసు రానన్నాడు. కరుణమ్మను, సాగు చేసుకునే చెలకను విడిచి ఎక్కడికి పోతాడు? అతనికి ఉన్నది ఒక్కటే కోరిక. కారు పోయేలోగా కరుణమ్మ ఒక్కసారి అందులో కూర్చోవాలి.

ఆశ లేకపోలేదు. జర్మనీతో లడాయి వస్తుందని పట్నమంతా చెప్పుకుంటున్న ఆ ఎండాకాలంలో, ఎట్లాగో నిన్ననే బొంబాయి నుంచి కొత్తరకం నాజిళ్ళు వచ్చాయి. ఇంజను లోపలికి నూనె చిమ్మేది అవే. డీజిల్ పోయడం కాగానే సాబు కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నాడు. స్వామిదాసు ముందు పాత నాజిల్‌ను బయటే గొట్టానికి బిగించి ఇంజను తిప్పి చూశాడు. పసిపిల్ల చొంగలా చుక్కలు కారాయి. కొత్తది బిగించి తిప్పితే తుస్సుమని తెల్లటి ఆవిరిలా లేచింది.

"చెయ్యి దూరం పెట్టు! తోలు చీల్చుకొని పోతది," అన్నాడు సాబు. "చూసినవా? చుక్కలు పడితే సగమే మండుతది, మిగిలింది పొగయితది. ఇది మంచులెక్క చల్లుతది, మొత్తం మండుతది."

"చాకలి బాలమల్లు ఇస్త్రీ బట్టల మీద నోటితోని నీళ్ళు ఊదినట్టు గద సాబ్!"

సాబు పడిపడి నవ్వాడు. "అచ్చం గట్లనే!"

నాజిళ్ళన్నీ బిగించాక గొట్టాల మరలు వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతిపంపు కొట్టాడు. గొట్టాల్లో గాలి చిక్కిందంటే ఆ ఇంజను మొండి ఎద్దు. ఇంజనును వేడెక్కించే లోపలి తీగ ఎర్రబడేదాకా ఆగి స్టార్ట్ చేశాడు. మోత ఉంది గానీ దగ్గు పోయింది. స్వామిదాసుకు గంతులేయాలనిపించింది.

సాబును అడిగి కారును తిన్నగా తన గడప ముందుకు తెచ్చి ఆపాడు. కరుణమ్మ బయటికి వచ్చింది. మొగుడి కన్నా జానెడు పొడుగు. చేతిలో ఆ పాడైన చీరలోంచి చింపిన తెల్లటి ముక్క.

"గా గుడ్డెందుకే?"

"నీ మాట మీద ఎక్కుతననుకున్నవా? ఇది తెల్లగుంటేనే ఎక్కుత. తొక్కు!"

కొంగు చెక్కుకుని పొగగొట్టం ముందు చతికిలబడి, గుడ్డను అడ్డంగా పట్టింది. స్వామిదాసు తొక్కాడు. అద్దంలో ఆమె కొప్పు తప్ప ఏమీ కనిపించడంలేదు. 'ప్రభువా, జీతం పెంచుమని కూడ అడగలే నిన్ను. గీ ఒక్కటి!' అని మొక్కుకున్నాడు.

కరుణమ్మ లేచింది. గుడ్డను చిన్నగా మడిచి బొడ్లో దోపుకుంది.

"తెల్లగనే ఉన్నది. నడువు."

"జర సూపెట్టరాదు?"

"పెండ్లాం మాట మీద నమ్మకం లేదా? నడువంటున్న!"

మొయినాబాదు సడక ఎక్కేదాకా "జర మెల్లగ, మెల్లగ!" అంది. ఎక్కాక ముందు పోతున్న ఎడ్లబండిని చూసి, "గా బండి ఎనకనే పోతవా ఏంది? జోరుగ కొట్టు!" అని మొగుడి భుజం మీద చరిచింది. చింతచెట్లు గిర్రున వెనక్కి పోతుంటే నోరు తెరిచి నవ్వింది. ఆ నవ్వు పెళ్ళయిన కొత్తలో చూసిందే. ఎంకపల్లిలో మేరీ చంటిబిడ్డతో ఉరికి వచ్చినా, వాడకట్టంతా వచ్చి చూసేదాకా కారు దిగలేదు మహాతల్లి.

సాయంత్రం ఔరంగాబాదు నుంచి కొత్త డ్రైవరు వచ్చాడు. "నూనె వడగట్టి పొయ్యి అన్న, మర్చిపోకు," అని స్వామిదాసు వడగట్టే పంచెను అతని చేతిలో పెట్టాడు. సాబు భుజం తట్టి కారెక్కాడు. దుమ్ములో ఆ డబడబ వినబడకుండా పోయేదాకా స్వామిదాసు నిలబడ్డాడు.

ఇంటికొచ్చేసరికి కరుణమ్మ రొట్టెలు కొడుతూ పక్కింటి అంతమ్మకు కారు ముచ్చట చెబుతోంది. మడిచిన గుడ్డ గూట్లో ఉంది. స్వామిదాసు తీసి విప్పాడు.

"తెల్లగున్నదంటివి కదనే?"

"నాకు గట్లనే కనవడ్డది. కండ్లకు పొరలొచ్చినయేమో," అంది కరుణమ్మ, రొట్టె మీంచి తల ఎత్తకుండా.

మూడిళ్ళ అవతల సందులో పడిన సూదిని కనిపెట్టే కళ్ళు అవి. స్వామిదాసు నవ్వాడు, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. రోజూ కారు తాళం తగిలించే మేకు ఖాళీగా ఉంది. గుడ్డను దానికి తగిలించాడు. తెల్లటి గుడ్డ, నట్టనడుమ రూపాయి బిళ్ళంత పొగ మరక.