ఇద్వల్ ఎత్తు సీటు

ఆదివారం నా భర్త సైకిల్‌ని పబ్బులో దూలానికి తగిలిస్తారు. గురువారం మధ్యాహ్నమైనా దాని సీటు ఇంకా నా దారికి రాలేదు.

మా లోయలో సైకిల్ క్లబ్బు వాళ్ళ ఆనవాయితీ అది. సభ్యుడు పోయిన ఏడాదికి అతని బండిని బ్రిన్ డూ కొండ మీదికి అందరూ కలిసి నడిపించుకుంటూ తీసుకెళతారు. కిందికి తెచ్చి పబ్బు దూలానికున్న కొక్కేనికి ఎక్కిస్తారు. ఆ తర్వాత దాన్నెవరూ తొక్కరు. అలాంటివి అక్కడ వరసగా వేలాడుతున్నాయి, బీరు తాగేవాళ్ళ తలల మీద టైర్లు మెత్తబడి. అయితే తొక్కే మనిషి ఉన్న బండిని మాత్రం తగిలించరు. పోయినవాడి కొడుకో కూతురో ఆ రోజు దాని మీద కొండెక్కితే బండి వాళ్ళదే. భార్య ఎక్కడం ఇంతవరకూ జరగలేదు. జరగకూడదని కూడా ఎవరూ అనలేదు.

మాకు పిల్లలు లేరు. బండి ఉంది. ముదురాకుపచ్చ రంగు ఉక్కు సైకిల్. కొండ దారుల కోసం చేసింది. ఉన్ని మిల్లు మూసేసినప్పుడు చేతికొచ్చిన డబ్బుతో ఇద్వల్ దాన్ని కొన్నాడు. అప్పటినుంచి వాన, బురద, గొర్రెల పెంట, అన్నీ దాని మీదే.

ఇద్వల్ పోయాక నాకు కుదురు లేకుండా పోయింది. టీ పెట్టుకుంటాను, తాగకముందే లేస్తాను. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతుకుతాను. ఒక చోట కూర్చుంటే గోడలు దగ్గరకొస్తున్నట్టుంటుంది. చర్చిలో కూడా చివరి బెంచీ మీద, తలుపు పక్కనే. కాళ్ళు ఎటో పోవాలంటాయి, ఎటో మాత్రం చెప్పవు. ఒక రోజు షెడ్డు సర్దుతుంటే సైకిల్ పెడల్ నా పిక్కకి గట్టిగా తగిలింది. తిట్టుకుంటూ దాన్ని చేత్తో తిప్పాను. చైను కిర్రుమంది, వెనక చక్రం తిరిగింది. అది ఆగేదాకా అక్కడే నిలబడ్డాను. అంతసేపు ఒకచోట నిలబడటం ఆ నెలలో అదే మొదలు.

స్టేషన్ పక్కన రిపేరు కొట్టు నడిపే లొవ్రి దగ్గరికి తీసుకెళ్ళాను. పెడళ్ళ దగ్గరున్న మూడు పళ్ళచక్రాలు తీసేసి ఒకటే పెట్టింది. వెనక పెద్ద పళ్ళచక్రాలు వేసింది, ముసలి మోకాళ్ళకి కూడా కొండ లొంగేలా. వెడల్పాటి హ్యాండిల్, కొత్త బ్రేకులు, లావు టైర్లు. ఫ్రేము మాత్రం ముట్టుకోలేదు.

"ఉక్కు బంగారం లాంటిది. దీనికేం కాలేదు," అంది. "కానీ సీటు రాడ్డు రాదు నెస్టా. మీ ఆయన జన్మలో గ్రీజు పెట్టలేదు. అల్యూమినియం రాడ్డు ఉక్కు గొట్టంలో పెళ్ళాడి కూర్చుంది."

ఇద్వల్ ఆరడుగుల పైన. నేను అతని భుజం దాకా కూడా రాను. సీటు అతని ఎత్తునే ఉంది. దాని మీద ఎక్కితే నా కాళ్ళు గాల్లో ఆడుతున్నాయి, పెడల్ అందడం లేదు.

"పొద్దున ఇంటి దగ్గర నేనూ ఒక ప్రయత్నం చేశాలే," అన్నాను, గురువారం మళ్ళీ కొట్టుకి వెళ్ళి. "కెటిల్ నిండా మరిగే నీళ్ళు పోశాను."

"ఎక్కడ?"

"రాడ్డు దిగిన చోట. జామ్ సీసా మూత రాకపోతే పోస్తాం కదా."

లొవ్రి నుదురు కొట్టుకుంది. "తల్లీ, జామ్ సీసాకి మూత బయటుంటుంది. అందుకని అది వదులవుతుంది. ఇక్కడ అల్యూమినియం లోపలుంది. వేడికి ఉక్కు కన్నా అదే ఎక్కువ ఉబ్బుతుంది. నువ్వు దాన్ని ఇంకా బిగించి వచ్చావు!"

"చల్లారింది కదా, మళ్ళీ సన్నబడి ఉంటుందిగా?"

"నీ ఆశ చల్లారదు, అది చాలు," అని నవ్వి, ఏం చెయ్యాలో చెప్పింది. సీటు తీసేసి, సైకిల్‌ని తలకిందులు చేసి, రాడ్డు తలని బెంచికుండే వైస్ ఇనప దవడల్లో బిగించి, ఫ్రేమునే పిడిలా పట్టుకుని తిప్పాలి. దానికీ రాకపోతే రాడ్డు తల కోసేసి, లోపల్నించి రంపం బ్లేడుతో నిలువుగా చీల్చాలి. "చీల్చేటప్పుడు ఉక్కుకి తగిలిందో, ఫ్రేము పోయినట్టే. తొందర నీ జబ్బు. జాగ్రత్త."

ఆ మధ్యాహ్నం నేను షెడ్డులో సైకిల్‌ని తలకిందులుగా బిగించి తిప్పుతుంటే నా మరిది హెవిన్ వచ్చాడు. ఇద్వల్ తమ్ముడు, క్లబ్బు పెద్ద. చేతిలో మైనం డబ్బా, మెత్తటి గుడ్డ. ఆదివారానికి బండిని మెరిపించాలని వచ్చాడు.

గుమ్మంలోనే ఆగిపోయాడు. "వదినా, ఏంటిది?"

"సైకిల్."

"అది తెలుస్తోంది. ముందున్న మూడు పళ్ళచక్రాలేవీ?"

"బిస్కెట్ డబ్బాలో."

"హ్యాండిల్?"

"కోళ్ళ గూడుకి గడియగా పెట్టాను. బాగా కుదిరింది."

"అన్నయ్య చేతులు పట్టుకున్న హ్యాండిల్ అది!"

"నన్నూ పట్టుకున్నాడుగా. నన్నూ తగిలించండి దూలానికి."

హెవిన్ మైనం డబ్బా బల్ల మీద పెట్టాడు. కోపమొస్తే అతని చెవులు ఎర్రబడతాయి. వాళ్ళ వంశంలోనే ఉంది అది. "అసలు భాగాలతో ఉన్న బండి అది. ఇప్పుడు అలాంటివి దొరకవు. దాన్ని ఉన్నదున్నట్టు ఉంచాలి. నువ్వేమో కొత్త గేర్లు వేయించి... దేనికి?"

"ఆదివారం తొక్కడానికి."

"నువ్వా?"

"లేదు, మా కోడిపుంజు."

అతను నవ్వలేదు. నేను మళ్ళీ ఫ్రేము పట్టుకుని గుంజాను. వైస్ మూలిగింది. రాడ్డు కదల్లేదు. పైన వెనక చక్రం ఉండే చోట పట్టుకుని ఒళ్ళంతా వేసి తిప్పాను.

"అక్కడ పట్టుకోకు! సన్నగొట్టాలు వంగిపోతాయి," అని అరిచాడు.

"వంగనీ."

"వంగనీ అంటావేంటి? ఇటు జరుగు. పెడళ్ళుండే చోటా, ముందు మెడ దగ్గరా పట్టుకోవాలి." మాట్లాడుతూనే కోటు విప్పాడు. ఒకవైపు అతను, ఒకవైపు నేను. బండిని పాడుచేయకుండా ఆపడానికి వచ్చినవాడు నాకన్నా గట్టిగా తిప్పాడు. కాసేపటికి టప్పుమని చప్పుడైంది. వచ్చేసిందనుకున్నాం. రాడ్డు తల విరిగింది, అంతే. మిగిలింది గొట్టంలోనే ఉంది.

ఇద్దరం రొప్పుతూ నిలబడ్డాం. బయట గాలి రేకుల్ని కొడుతోంది.

"వదిలెయ్ వదినా," అన్నాడు హెవిన్, ఈసారి నెమ్మదిగా. "విరిగిన రాడ్డుతోనే తగిలిద్దాం. కొత్త తల అతికిస్తాను, ఎవరికీ తెలీదు. నీకు ఇల్లంతా అన్నయ్యే కనిపిస్తాడు. నాకేముంది చెప్పు? శుక్రవారం సాయంత్రం పబ్బులో పక్క స్టూలు ఖాళీ. తలెత్తితే వాడి బండైనా ఉండాలి కదా."

"సమాధి ఉందిగా."

"ఆ రాయికి చక్రాలున్నాయా?"

మైనం డబ్బా మూత తీశాను, మళ్ళీ పెట్టాను. తర్వాత ఉన్నమాటే అన్నాను. "నాకు కదలాలి హెవిన్. ఏడాదిగా ఆ ఇంట్లో గుండ్రంగా తిరుగుతున్నాను. ఇది కూడా దూలానికి వేలాడితే నేను పిచ్చిదాన్నవుతాను."

అతను బండిని తిరగేసి నిలబెట్టాడు. గోడకున్న మేకు నుంచి రంపం బ్లేడు తీసి, ఒక కొసకి మైనం గుడ్డ చుట్టాడు. మెరిపించడానికి తెచ్చిన గుడ్డే.

"నువ్వు కొయ్యి. నేను వింటాను," అన్నాడు.

వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతట. ఒకరు కోస్తుంటే ఒకరు గొట్టానికి చెవి ఆనిస్తారు. అల్యూమినియం తెగుతున్నంతసేపూ బ్లేడు గుసగుసలాడుతుంది. ఉక్కుకి తగిలితే కీచుమంటుంది. నేను గొట్టంలో బ్లేడు దించి, పొట్టి పొట్టిగా ముందుకీ వెనక్కీ లాగాను. వెండి పొడి వేళ్ళకి అంటుకుంది. హెవిన్ మోకాళ్ళ మీద కూర్చుని, ఆకుపచ్చ రంగుకి చెంప ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

"మెల్లగా. నీకు తొందర. మెల్లగా."

"చెయ్యి పడిపోతోంది."

"మార్చు."

చేతులు మార్చాను. తర్వాత అతను కోశాడు, నేను విన్నాను. చల్లటి ఉక్కు చెవికి తగులుతుంటే లోపలెక్కడో ఎవరో చిన్నగా ఊపిరి తీస్తున్నట్టుంది. నేను కదలకుండా ఉన్నానని అప్పుడు గమనించలేదు, తర్వాత తెలిసింది. ఒక్కసారి సన్నగా కీచుమంది.

"ఆగు! ఉక్కు!"

అతని చెయ్యి గాల్లోనే ఆగింది. టార్చి వేసి చూశాం. ఒక గీత పడింది, వెంట్రుకంత. అంతకుమించి లోతు పోలేదు. ఇద్దరం ఒకేసారి గాలి వదిలాం. పట్టకారుతో చీలిక అంచుని పట్టి లోపలికి మడిచి, మెలిపెట్టి లాగాడు హెవిన్. తుప్పూ తెల్లపొడీ రాలుతూ, ఎండిన దాల్చినచెక్కలా చుట్టుకుని బయటికొచ్చింది ఇద్వల్ రాడ్డు.

లొవ్రి ఇచ్చిన కొత్త రాడ్డుకి అతనే గ్రీజు పూశాడు, కేకు మీద వెన్న పూసినట్టు. "ఈ ఇంట్లో గ్రీజు పూసిన మొదటి మగాణ్ణి నేనే," అన్నాడు, సీటుని నా ఎత్తుకి దించుతూ.

ఆదివారం సన్నటి వాన. క్లబ్బు వాళ్ళంతా పబ్బు ముందు చేరారు. నేను పాత కోటులో, సైకిల్ మీద. కొందరు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. హెవిన్ తన బండి తొక్కుతూ నా వెనక వచ్చాడు. దేవదారు తోపు దాటేసరికి నా ఊపిరి కుక్క ఊపిరైంది. పక్కన నడిచేవాళ్ళు నన్ను దాటిపోతున్నారు. అయినా కాళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. గొర్రెల గేటు దగ్గర దారి గోడలా లేస్తుంది. అందరూ అక్కడ దిగి తోస్తారు.

"దిగు వదినా! అన్నయ్యే దిగేవాడిక్కడ!"

"అన్నయ్యకి ఈ గేరు లేదుగా!"

అన్నిటికన్నా పెద్ద పళ్ళచక్రం మీదికి వేశాను. చీమ కూడా నన్ను దాటిపోయేంత నెమ్మది. ఆగితే మళ్ళీ ఎక్కలేను, అదొక్కటే ఆలోచన. రాయి మీద చక్రం జారింది, మళ్ళీ పట్టుకుంది. వెనక హెవిన్ తిడుతూ దిగడం వినిపించింది. గేటు దాటాను.

పబ్బుకి తిరిగొచ్చాక అందరి కళ్ళూ దూలం వైపే. ఇద్వల్ పేరు రాసిన కొక్కెం ఖాళీగా ఉంది. నా కోటు జేబులో గుడ్డలో చుట్టిన రాడ్డు తుక్కు ఉంది. దాన్ని తీసి హెవిన్ చేతిలో పెట్టాను.

"ఇది ఎక్కడికీ పోదు. దీనికి అలవాటే," అన్నాను.

అతను స్టూలెక్కి, తీగ చుట్టి, కొక్కేనికి తగిలించాడు. కిందికి దిగి ఒకసారి పైకి చూసి, తన గ్లాసుని ఆ కింద బల్ల మీదికి జరుపుకున్నాడు.

"కూర్చో వదినా, టీ వస్తోంది."

"వస్తున్నా."

టీ వచ్చేసరికి నేను గుమ్మం బయట ఉన్నాను. వాన వెలిసింది. కొండ మీద ఇంకా వెలుతురుంది. సీటు మీద నీళ్ళు అరచేత్తో తుడిచి, ఎక్కాను.