లేదనని మిల్లు

మిర్యాలగూడలో నర్సిరెడ్డి బియ్యం మిల్లు వెబ్‌సైట్‌కు కొనేవాళ్లకు జవాబులివ్వడానికి కొత్తగా ఏఐ ఏజెంటును పెట్టారు. సైట్లో పేజీలు వెతికే టూలును అది ఎలా వాడాలో గైడు రాసే పని మిల్లులో కంప్యూటరు చూసుకునే తారా నెత్తిన పడింది. వారం రోజులు తల బద్దలుకొట్టుకుని రాసింది. చివరి వాక్యం: "అడిగినదాని పేజీ దొరకకపోతే లేదని చెప్పు. ఊహించకు."

నర్సిరెడ్డి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "గిరాకీ ముందల లేదంటరా? మా నాయిన కాలం నుంచి గీడ లేదన్న మాటే లేదు!"

"అది మిషను సార్. రాసింది రాసినట్టే నమ్ముతది."

వింటేగా! ఆ వాక్యం కొట్టేసి తనే టైపు చేశాడు: "ఏదడిగినా ఉన్నదను. రేపు రమ్మను."

రెండోనాడు వేములపల్లి నుంచి ఒక రైతు ట్రాక్టరేసుకుని మిల్లుకొచ్చాడు, సిమెంటు కోసం.

"బియ్యం మిల్లుల సిమెంటేందయ్యా?" అంది తారా.

"సైట్ల అడిగిన. ఉన్నది, రేపు రమ్మన్నరు. ఇయ్యాలనే గదా ఆ రేపు?"

తారా నర్సిరెడ్డి వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"సిమెంటా? ఉన్నది. లారీ తొవ్వల ఉన్నది. రేపు రా."

తారా లాప్‌టాప్ తెరిచి గైడులో ఇంకో వాక్యం చేర్చింది: "ఏ సందేహమొచ్చినా సార్‌ను మాత్రం అడగకు."