సుంకమ్మ నుదుటి తడిగుడ్డ

ప్రచండమార్తాండకిరణసంతాపమున నల్లమల కొండలెల్ల పెనమువలె కాగి విహంగములు సైతము ఎండుమోడుల సన్ననినీడల నోళ్లు తెరచుకొని రొప్పుచుండగా ఆ వైశాఖమధ్యాహ్నమున ఒక పాత టాక్సీకారు మూల్గుచు మూల్గుచు కనుమ నెక్కి యవ్వలివాలున దిగసాగెను. దానిని నడుపు ఓబుళేశు పదునెనిమిదేండ్ల యలవాటుచొప్పున పెట్రోలు మిగులునుగదా యని తాళముచెవి త్రిప్పి యంత్రము నార్పి బండిని జారవిడిచెను. కొండదారి డ్రైవర్లందరు చేయునది యదియే. ఆర్పిన మరుక్షణమున తాను చేసిన తప్పు వానికి తెలిసివచ్చెను.

ఏలయన కాగియున్నపు డార్పినచో ఆ యంత్రము మరల లేచుటకు గంటసేపు పట్టుచుండెను. ఈ రోగము వానికి మూడునెలలుగా తెలియును. మెకానిక్కునొద్దకు ప్రొద్దుటి చల్లనివేళ తోలుకొనిపోయినప్పుడెల్ల అది యత్తవారింట క్రొత్తకోడలివలె ఒక్కపిలుపునకే పలికి ఓబుళేశు నబద్ధాలకోరును చేయుచుండెను. బ్యాటరీ మార్పించెను. ప్లగ్గులు మార్పించెను. రోగము మాత్రము మారలేదు.

వెనుకసీటున తిమ్మక్క యను కూలిది నాలుగేండ్ల కూతురు సుంకమ్మను ఒడిలో నిడుకొని కూర్చుండియుండెను. గొంతువాచి జ్వరాగ్నిదందహ్యమానశరీరయై ఈలవేయునట్లు ఊపిరి తీయుచున్న యా పసికందును రెండుగంటలలోపల పట్టణపుటాసుపత్రికి చేర్చకున్న దక్కదని పల్లెవైద్యుడు చెప్పియుండెను. అందు సగము కాలము కనుమ యెక్కుటకే చెల్లిపోయెను.

వాలు ముగిసెను. బండి నిలిచెను. ఓబుళేశు తాళముచెవి త్రిప్పగా యంత్రము గురగురలాడెనే గాని రాజుకొనదాయెను. పెట్రోలు పాలు హెచ్చించు చోకు లాగి త్రిప్పెను. దిగి త్రోసి చూచెను. అహోబిలస్వామికి మ్రొక్కెను, కారును నోటికివచ్చినట్లు తిట్టెను. కనుచూపుమేర మనుష్యుడు గాని బండి గాని కానరాలేదు.

“అన్నా, ఏల కదలదు? బిడ్డకు ఊపిరి యందకున్నదే!”

“తప్పు నాదమ్మా. ఆర్పరాని చోట నార్పితిని. నా చేతులు విరిగిపోను!”

వాడు బానెట్టెత్తి పెట్రోలు పంపుపై చేయివేసి చురుక్కున కాలగా వెనుకకు తీసికొనెను. గొట్టము విప్పి చూడగా పెట్రోలునకు మారుగా బుస్సుమని ఆవిరి వెడలెను. మూడునెలలుగా ఎవ్వరికిని దొరకని గుట్టు అప్పుడు వానికి దొరకెను. నడుచునంతసేపు క్రొత్త పెట్రోలు పారుచు పంపును చల్లబరచుచుండెను. ఆర్పినతోడనే యంత్రపు సెగయంతయు దానికెక్కి లోనిపెట్రోలు మరిగిపోవుచుండెను. దానికి జ్వరము వచ్చినది, అంతియే. తడిగుడ్డ చాలును.

కాని నీరెక్కడ? వాని సీసా కనుమమీదనే రేడియేటరు త్రాగివేసెను. మిగిలినది సుంకమ్మ నుదుటనున్న తడిగుడ్డయు ప్రక్కనున్న చెంబెడు నీళ్లును మాత్రమే. పంపు చల్లార నీళ్లు కావలెనని వాడు గొణిగెను. వాని చూపు ఆ గుడ్డపై నిలుచుట చూచి తిమ్మక్క తానే దానిని తీసి చెంబుతోకూడ చాచెను.

“బిడ్డకో?” యని వాడడిగెను.

“ఈ నీళ్లతో నా బిడ్డ బ్రదుకదన్నా. ఆసుపత్రి చేరిన బ్రదుకును. పోయుము.”

గుడ్డ చుట్టగా పంపు చుయ్యిమనెను. వాడు కడపటిబొట్టువరకు పోసి గొట్టము బిగించి చోకు ముట్టక త్రిప్పెను. పలుకలేదు. మరల త్రిప్పెను. పలుకలేదు. వెనుకసీటున ఈల సన్నగిల్లుచుండెను. మూడవమారు యంత్రము దగ్గి దగ్గి ఒక్కపెట్టున గర్జించెను.

ఆసుపత్రివాకిట బండి నిలిపియు ఓబుళేశు యంత్రము నార్పలేదు. మరల నెక్కడికైన పరుగెత్తవలసివచ్చునేమో యను భయమున చక్రము పట్టుకొని యట్లే కూర్చుండెను. ప్రొద్దు వాలినపిదప తిమ్మక్క వెలికివచ్చి కిటికీయొద్ద నిలిచెను.

“ఇక ఆర్పుమన్నా. బిడ్డ నిద్రించుచున్నది.”

వాడు ఆర్పి బానెట్టెత్తి పంపుపై ఎండి గట్టిపడిన గుడ్డను విప్పి వెక్కివెక్కి యేడ్చెను. చల్లనివేళ చూచి మంచిదనువారికి కాగినదాని బాధ తెలియదు. అది తెలిసిన తల్లి మాత్రము ఆ గుడ్డను మరల నడుగక వానియొద్దనే విడిచి లోనికి పోయెను.