అరువు కుర్చీలు

చెల్లెలు కూడా తనలాగే చదువు మధ్యలో ఆపేస్తుందేమోనని, ఆ అక్క భయమంతా అదే. అమ్మ పోయాక ఎనిమిదో తరగతిలోనే బడి మానేసి చెల్లెల్ని పెంచింది. ఇప్పుడు చంకలో తన పాప, కాలేజీలో చెల్లెలు.

ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకు ఫీజు సాయం చేస్తామంది కాలేజీ. పాపం పెద్ద మనసు. పదకొండు కాగితాలే అడిగింది. పన్నెండోది, ఆ పదకొండూ నిజమేనని చెప్పే కాగితం. అన్నీ ఇచ్చాక, ఇల్లు చూడ్డానికి పరిశీలకుడు వస్తాడని ఉత్తరం వచ్చింది.

ఇంటికి మనిషి వస్తున్నాడంటే ఆమెకు చేతులు ఊరుకోవు. పెచ్చులూడిన గోడకు క్యాలెండరు తగిలించింది. కప్పు కారే చోట పెట్టిన బకెట్టును మంచం కిందికి తోసింది. పై అంతస్తు టైలరమ్మ దగ్గర్నుంచి నాలుగు మెత్తటి కుర్చీలు, గాజు గ్లాసులు అరువు తెచ్చింది.

"అక్కా, మనకు లేదని చూపించాలే. ఉందని కాదు."

"లేకపోతే మాత్రం? వచ్చినాయన నేల మీద కూర్చుంటాడా? ముందు ఆ తెగిన చెప్పులు దాచెయ్."

పరిశీలకుడు మెత్తగా కూర్చున్నాడు. నీళ్లు తాగి గ్లాసును వెలుతురుకి పెట్టి చూశాడు.

"ముచ్చటగా ఉందమ్మా ఇల్లు." ఆమె ముఖం చేటంతయింది. "ఇబ్బందులేమైనా ఉన్నాయా?"

"అబ్బే, ఏం లోటు లేదండి."

చెల్లెలు తల పట్టుకుంది.

రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. కుటుంబం సౌకర్యంగా ఉన్నదట. గాజు గ్లాసులు గమనించడమైనదట. సాయం అవసరం లేదట.

"నీ గ్లాసుల్ని పంపించు కాలేజీకి, అవే చదువుకుంటాయి" అంది చెల్లెలు. మర్నాడే బట్టల కొట్టులో పనికి కుదిరింది.

ఉత్తరం అడుగున, చీమలు పాకినట్టున్న అక్షరాల్లో, ఇరవై రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చని ఉంది. అక్క కూడబలుక్కుని చదివింది. పాప నిద్రపోయాక కూర్చుని రాసింది: "కుర్చీలు టైలరమ్మవి. గ్లాసులూ ఆవిడవే. లోటు లేదన్న మాట ఒక్కటే నాది. అదీ అబద్ధమే."

జవాబు ఇంకా రాలేదు. చెల్లెలు ఇంకా బట్టలు మడతపెడుతూనే ఉంది.

మీ దగ్గరికి ఎవరైనా కుర్చీలు అరువుకొస్తే ఇవ్వండి. కానీ ఆ ఇంట్లో చదువుకునే పిల్ల ఉంటే, ఓసారి వెళ్లి కాలేజీకి పోతోందో లేదో కనుక్కోండి. పిల్లనే అడగండి. అక్కను అడిగితే, ఏం లోటు లేదంటుంది.