పొద్దు గుంకని రేవు

బల్లకి అడ్డంగా నిలబెట్టిన ప్లాస్టిక్ అద్దం మీద మందు చల్లి, పైనుంచి కిందికి తుడిచి, గిరిజ తల పక్కకి వంచి చూసింది. ఎదురుగా చూస్తే అద్దం శుభ్రంగానే ఉంటుంది. పక్కనుంచి చూస్తేనే నిన్నటివాళ్ల వేలిముద్రలు బయటపడతాయి. ఎడమ మూల ఒకటి మిగిలింది. దాన్ని కొంగుతో తుడవబోయి, ఒంటిమీద ఉన్నది చొక్కా అని గుర్తొచ్చి, తనలో తనే నవ్వుకుని మళ్లీ గుడ్డ అందుకుంది. జర్మనీకి వచ్చి పంతొమ్మిదేళ్లయినా చేతికి కొంగు అలవాటు పోలేదు.

ఎష్‌బోర్న్ స్టేషన్‌కి వెళ్లే వీధిలో, మందుల షాపుకీ రొట్టెల షాపుకీ మధ్య ఇరుక్కున్నట్టుండే చిన్న ట్రావెల్ ఏజెన్సీ అది. లోపల రెండే బల్లలు. ఒకటి యజమానురాలు ఫ్రావ్ లిండ్నర్‌ది, రెండోది గిరిజది. పదిహేడేళ్లుగా గిరిజ ఆ బల్ల దగ్గరే కూర్చుని జనాన్ని సముద్రాలకి పంపిస్తోంది. పెద్దవయసు వాళ్లు స్పెయిన్ ద్వీపాల్లో మయోర్కా అడిగేవారు. కుర్రకారు ఇబిజా అడిగేవారు. తెల్లవార్లూ పాటలు, సబ్బు నురగలో చిందులు, మధ్యాహ్నం దాకా నిద్ర, ఇదీ ఇబిజా అంటే. తిరిగొచ్చాక ఎండకి కమిలిన ముక్కులతో, బొంగురు గొంతులతో ఏజెన్సీకి వచ్చి మరీ థాంక్స్ చెప్పి వెళ్లేవారు.

కరోనా వచ్చిన దగ్గర్నుంచి పని తిరగబడింది. పంపించే చేతులే ఆపుతూ కూర్చున్నాయి. ఒకరి పెళ్లిరోజు ప్రయాణం రద్దు, ఇంకొకరి రిటైర్మెంటు ప్రయాణం వాయిదా. మళ్లీ ఈ జూన్‌లో కాస్త తెరిపి ఇచ్చింది. స్పెయిన్ ద్వీపాలకి దారి తెరిచారు. టీకా సర్టిఫికెట్లు ఫోన్‌లోకి వస్తున్నాయి. అయినా ఎవరూ ఊరికే లోపలికి రావడానికి లేదు. ముందు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, తీసుకోవాలి, గుమ్మంలో పేరూ ఫోన్ నంబరూ రాయాలి.

ఆ రోజు పది గంటల టెర్మిన్ జగన్మోహన్ గారిది.

ఆయనకి డెబ్భై ఏళ్లు. సన్నగా, పొడుగ్గా ఉంటారు. ఎండాకాలంలో కూడా చొక్కా పైబొత్తాం దాకా పెట్టుకుంటారు. వరంగల్ నుంచి ఎప్పుడో జీగెన్‌కి చదువుకోవడానికొచ్చి, ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర పంపుల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు పనిచేసి, ఎష్‌బోర్న్‌లోనే ఉండిపోయారు. పేరు రాసి, చేతులకి మందు రాసుకుని, మాస్కు వెనకనుంచే నవ్వారు. నవ్వినట్టు కళ్ల దగ్గరి ముడతల్లో తెలిసింది.

"ఐదు నిమిషాలు ముందుగాల్నే వచ్చిన బిడ్డా. ఏమనుకోకు."

"అయ్యో, ఏముందండి బాబాయిగారూ. కూర్చోండి."

"ఇగ ఈసారన్న పంపుతవా? మల్ల తారీఖు మార్చుడేనా?"

గిరిజ కంప్యూటర్‌లో ఆయన ఫైలు తెరిచింది. ఇది నాలుగోసారి. మొదటిసారి రెండు పేర్లుండేవి. 2019 డిసెంబర్లో భార్యాభర్తలిద్దరూ వచ్చి, వచ్చే మే నెలకి ఇబిజా కావాలన్నారు. ఆవిడ పేరు విజయలక్ష్మి. కుర్చీ అంచున కూర్చుని, బ్రోషర్‌లో బొమ్మల మీద చూపుడు వేలితో రాస్తూ ఉండిపోయింది. ఫిబ్రవరిలో ఆవిడ పోయింది. ఆ రెండో పేరు తీసేసింది గిరిజే. తీసేసే ముందు కంప్యూటర్ 'నిజంగానా?' అని అడిగింది. అవునని నొక్కడానికి గిరిజకి చాలాసేపు పట్టింది. ఆయన మాత్రం ప్రయాణం మానుకోలేదు. మే అన్నది సెప్టెంబరైంది, సెప్టెంబరన్నది మళ్లీ మే అయింది.

"ఈసారి తప్పకుండా పంపుతానండి. సెప్టెంబరు ఆఖరి వారం. కాకపోతే ఒక్క మాట. డాన్సు హాళ్లు ఇంకా తెరవలేదట. ద్వీపమంతా చప్పుడు లేకుండా ఉందంటున్నారు."

"మంచిదే గదా. నాకు సప్పుడెందుకు?"

"అయితే రేవు ఎదురుగా ఉన్న హోటల్ తీసుకుందామండి." గిరిజ గొంతులోకి అలవాటైన తీపి వచ్చింది. "సాయంత్రం బాల్కనీలో కూర్చుంటే చాలు. పాత కోట కింద, పడవల వెనకాల, సూర్యుడు ఎర్రగా నీళ్లలోకి దిగిపోతాడు. ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు."

జగన్మోహన్ గారు కళ్లజోడు తీసి, మాస్కు ఆవిరికి మసకబారిన అద్దాలు తుడుచుకున్నారు.

"గిరిజమ్మా, ఆ రేవు తూర్పు మొఖం. అక్కడ పొద్దు పొడుస్తది. గుంకదు. గుంకేది అవుతలి దిక్కు."

గిరిజ వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"నువ్వు ఎన్నడు పోలేదు గదా?"

అడిగిన గొంతులో నిందేమీ లేదు. అన్నం తిన్నావా అని అడిగినట్టు అడిగారు. గిరిజకి చెవులు వేడెక్కాయి. పక్క బల్ల వైపు చూసింది. ఫ్రావ్ లిండ్నర్‌కి తెలుగు రాదన్న సంగతి ఒక క్షణం ఆలస్యంగా గుర్తొచ్చింది.

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఒక కస్టమర్ 'మీరు వెళ్లారా అక్కడికి?' అని అడిగితే, నోట్లోంచి 'యా' అని జారిపోయింది. వెళ్లలేదంటే ఈ నల్లపిల్లకేం తెలుసని లేచిపోతారేమోనని భయం. ఆ ఒక్క ముక్కని నిలబెట్టడానికి బ్రోషర్లు కంఠతా పట్టింది. తిరిగొచ్చినవాళ్ల కబుర్లు జాగ్రత్తగా దాచుకుని తర్వాతి వాళ్లకి అందించింది. పదిహేడేళ్లూ ఆ అబద్ధం జర్మన్‌లోనే ఆడింది. తెలుగులో ఆడటం ఇదే మొదలు, మొదటిసారే దొరికిపోయింది.

"లేదండీ," అంది. "ఇబిజాయే కాదు బాబాయిగారూ, ఏ ద్వీపానికీ వెళ్లలేదు. వేసవంతా ఇక్కడ పని. సెలవు దొరికితే ఇండియా. అంతే, అలా గడిచిపోయింది."

"మీది సముద్రం ఊరే గదా. కాకినాడ అన్నవ్ ఒకసారి."

"అవునండి. మా ఒడ్డున నిలబడితే హోప్ ఐలాండ్ సన్నగా గీత గీసినట్టు కనపడేది. తొమ్మిదో తరగతిలో స్కూలు వాళ్లు పడవలో తీసుకెళ్లారు. ఆడపిల్లలకి పడవలెందుకని మా నాన్నగారు పంపలేదు. అందరూ తిరిగొచ్చి తాబేళ్లనీ, దీపస్తంభమనీ చెప్తుంటే, నేను ఇంటికెళ్లి మా చెల్లికి, వెళ్లొచ్చినట్టే చెప్పేశాను."

ఆయన నవ్వారు. ఈసారి చప్పుడు చేస్తూ నవ్వారు. గిరిజకీ నవ్వొచ్చింది. నవ్వాక గుండె మీంచి ఏదో దించినట్టనిపించింది.

"నేను జెప్త విను మరి," అన్నారు. కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకోబోయి, దూరం పాటించమని కింద అతికించిన పచ్చ గీత చూసి ఆగిపోయారు.

ఎనభై నాలుగులో మాట అది. విజయలక్ష్మి కొత్తగా కాపురానికొచ్చింది. చీర మీద స్వెట్టరు వేసుకుని రోజంతా వంటింటి కిటికీ దగ్గరే ఉండేది. జర్మన్ ఒక్క ముక్క రాదు. సెప్టెంబర్లో ఫ్యాక్టరీ వాళ్లంతా కలిసి ఇబిజా వెళ్తూ వీళ్లనీ రమ్మన్నారు. మొదటి సాయంత్రం ఊరి బయట ఒక రైతు ఇంటి పెరట్లో విందు. తెల్లసున్నం కొట్టిన గోడ, బల్లల మీద కూజాలు, ఒక మూల గిటారు. అందరూ చిందులేస్తుంటే ఈవిడ గోడకి ఆనుకుని కూర్చుంది. ఏమైందని అడిగితే, ఊళ్లో ఈపాటికి బతుకమ్మ మొదలై ఉంటుందని అంది.

"అట్లని కంట్లె నీళ్లు పెట్టుకున్నది. మా ఫోర్‌మన్ పెండ్లాం సూసింది. పెద్ద మనిషి, లావుగుంటుండె. చెయ్యి వట్టి లేపింది. ఇగ మా ఆమె ఏం జేస్తది? కొంగు నడుముకు చెక్కింది. బల్ల మీది పూలన్ని ఒక పళ్లెంల కుప్ప వోసి నడుమ పెట్టింది. చప్పట్లు గొట్టుకుంట తిరుగుడు మొదలువెట్టింది. పాటెత్తుకున్నది. నేను సిగ్గుతోని సచ్చిన అనుకో. కానీ ఒకామె కలిసింది, ఇంకొకామె కలిసింది. కొంచెం సేపటికి ఆ పెరడంత గుండ్రంగ తిరుగుతున్నది బిడ్డా. జర్మనోళ్లు, స్పెయినోళ్లు, ఆ గిటారాయన. అందరు వంగుడు, చప్పట్లు గొట్టుడు."

ఆయన చేతులు రెండూ దగ్గరికొచ్చి, చప్పుడు కాకుండా ఒకసారి కలిశాయి.

"గా తర్వాత ఎన్నడు ఆడలే. ఆస్పత్రి లాండ్రీల పని, బిడ్డ, ఇల్లు. అడిగితె, అప్పుడేదో పిచ్చి అనేది. రిటైరైనంక తనే అన్నది, ఒక్కసారి ఆ పెరడు సూసొద్దామా అని."

గిరిజ కంప్యూటర్ తెర ఆయన వైపు తిప్పింది. ఉపగ్రహం తీసిన పటం తెరిచి, ఆయన చెప్పిన దారిన బాణం నడిపించింది. చర్చి శిఖరం, దాని వెనక వాగు, వాగు దాటాక ఎడమకి. మూడుసార్లు దారి తప్పారు. ఉన్నట్టుండి ఆయన లేచి నిలబడి అద్దం మీద వేలు పెట్టారు.

"గిదే."

ఇల్లు లేదు. పెరడు లేదు. అద్దెకార్లు ఆపుకునే సిమెంటు మైదానం ఉంది. దాని పడమటి అంచున మాత్రం తెల్లగోడ ఒకటి, ఇరవై అడుగుల పొడవున, దేనికీ ఆసరా కాకుండా నిలబడి ఉంది.

గిరిజ ఆయన ముఖం చూడటానికి భయపడింది. ఆయన మాత్రం తెరనే చూస్తూ, "గోడ ఉన్నది. సాలు. ఆ గోడ కాడ ఒక గంట కూసుంట," అన్నారు.

అప్పుడు మొదలైంది అసలు ప్లాను. ఆ గోడకి నడిచి వెళ్లేంత దగ్గర్లో హోటల్ కావాలి. మోకాళ్ల నొప్పి కాబట్టి కింది అంతస్తులో గది కావాలి. గంటకోసారి వచ్చే బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియాలి. పదిహేడేళ్లలో గిరిజ ఎవరికీ ఇంత శ్రద్ధగా ప్రయాణం అమర్చలేదు. మధ్యమధ్యలో ఆయన దిద్దుతూ వచ్చారు. ఆ వీధి ఎత్తు, ఈ పక్క గాలెక్కువ. ఆమె రాసుకుంది. గంటన్నర గడిచింది. ఫ్రావ్ లిండ్నర్ రెండుసార్లు గడియారం చూసి, మూడోసారి చూడటం మానేసింది.

ఆయన వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "నువ్వు సుత ఒకసారి పోయి రా బిడ్డా. ఊకె అందరిని పంపుడేనా?" అన్నారు.

మధ్యాహ్నం ఒక యువజంట వచ్చింది. వాళ్లకి క్రీట్ కావాలి. ఆ అమ్మాయి ఎప్పటి ప్రశ్నే అడిగింది, మీరు వెళ్లారా అని. గిరిజ మాస్కు సర్దుకుని, లేదు, నేను వెళ్లలేదు, కానీ వెళ్లొచ్చినవాళ్లు చెప్పింది చెప్తాను, అంది. వాళ్లేమీ లేచిపోలేదు. ఇంకాస్త ముందుకి వంగి విన్నారు.

ఆగస్టు మూడో వారంలో, కాగితాలు సిద్ధమయ్యాయని చెప్పడానికి జగన్మోహన్ గారికి ఫోన్ చేద్దామనుకున్న రోజునే, ఆయన కూతురు భానుప్రియ వచ్చింది. హైడెల్‌బర్గ్‌లో పరిశోధన చేసే అమ్మాయి. ముప్పై దాటి ఉంటాయి, తండ్రి పొడుగే. భుజాన పెద్ద గుడ్డసంచి ఉంది. నిలబడే చెప్పింది.

"నాన్న పోయిండు. పోయిన గురువారం. తిని, కుర్చీల కూసున్నడంట. నేను ఫోన్ చేస్తే ఎత్తలే." ఆ పిల్ల తెలుగు వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్న తెలుగు. అవసరమైన చోట మాట దొరక్క ఆగింది. "శ్టోర్నో, అదే, క్యాన్సిల్ చెయ్యాలె. ఫామ్ ఉంటది కదా?"

గిరిజ ఫామ్ తీసింది. కారణం అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. భానుప్రియే రాసి సంతకం పెట్టింది. తర్వాత సంచి దించి అందులోంచి ఒక వస్తువు తీసి కుర్చీ పక్కన పెట్టింది.

"ఇది కొన్నడు, ఆ గోడ దగ్గర కూసోనీకి. అక్కడ బెంచి లేదన్నడు. మీ గురించి రోజూ చెప్పేటోడు. నాకు ఇంట్ల చూడబుద్ధి అయితలేదు. మీ దగ్గర ఉంచుకోండి ఆంటీ."

ఆ పిల్ల వెళ్లిపోయాక గిరిజ చాలాసేపు కంప్యూటర్ వైపు చూడలేదు. తర్వాత ఆయన ఫైలు మూసి, కొత్త ఫైలు తెరిచింది. హోటల్ అదే, వారం అదే. పేరు రాసేచోట తన పేరు రాసింది. తప్పు పోకుండా రెండుసార్లు సరిచూసుకుంది, పరాయివాళ్ల పేరులా. ఆ తర్వాత ఇంటికి ఫోన్ చేసింది. భర్త రవి కుమార్ ఏడాదిన్నరగా ఇంటినుంచే ఆఫీసు పని చేస్తున్నాడు.

"ఏవండీ, సెప్టెంబరు ఆఖర్లో నాలుగు రోజులు నేను ఊళ్లో ఉండను."

"ఎక్కడికి? కస్టమర్లని తీసుకెళ్తున్నావా?"

"కాదండి. నేనే వెళ్తున్నాను."

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. "ఒక్కదానివేనా?" అన్నాడు. మళ్లీ తనే, "సరే, జాగ్రత్త," అన్నాడు.

ఫోన్ పెట్టేసి గిరిజ కుర్చీ పక్కకి చూసింది. మూడు కాళ్ల మడతపీట, చేపలు పట్టేవాళ్లు ఏటి ఒడ్డుకి తీసుకెళ్లే రకం. షాపు చీటీ ఇంకా కాలికి వేలాడుతోంది. పైన ఆకుపచ్చ గుడ్డ, ఎవరూ ఒక్కసారి కూడా కూర్చోనందువల్ల, బిగువుగా ఉంది.